ముల్కీ ఎవరు? పదిహేనేళ్లు, ఒక హలఫ్‌నామా

ఉర్దూలో ‘ముల్క్’ అంటే దేశం. ‘ముల్కీ’ అంటే ఆ దేశానికి చెందిన మనిషి. ఉర్దూ మీడియం బడిలో నేను నేర్చుకున్న మానీ ఇంతే. డిగ్రీలో తెలుగు చదువుతూ పాత పత్రికలు తిరగేసినప్పుడు అదే మాట ఇంకో అర్థంతో ఎదురైంది. అక్కడ ముల్కీ అంటే సర్కారీ నౌకరీకి హక్‌దార్. గైర్ ముల్కీ అంటే ఆ హక్ లేనివాడు. మనిషికీ మట్టికీ ఉన్న రిష్తాను చెప్పే మాట, దరఖాస్తు ఫారంలో నింపే గడిగా ఎట్లా మారిందో చెప్పుకోవాలని ఈ వ్యాసం.

ఇది పాత కథే అయినా పాతబడిన కథ కాదు. నౌకరీ నోటిఫికేషన్ పడ్డ ప్రతిసారి, మెడికల్ సీట్ల కౌన్సెలింగ్ జరిగిన ప్రతిసారి ‘లోకల్ ఎవరు’ అనే తకరార్ మళ్లీ మొదలవుతుంది. ఎన్నేళ్లు ఉంటే లోకల్? ఎక్కడ చదివితే లోకల్? ఈ సవాల్‌కి జవాబుగా మన దగ్గర నూట ముప్పై ఏళ్లకు పైగా కానూన్లు రాస్తున్నారు, కొట్టేస్తున్నారు, మళ్లీ రాస్తున్నారు. ఆ తారీఖ్ చదివితే నాకు ఒక విషయం సాఫ్‌గా కనిపించింది. ఏళ్ల లెక్క మీద జనం పెద్దగా కొట్లాడలేదు. పన్నెండన్నా, పదిహేనన్నా సర్దుకున్నారు. ఇన్సాఫ్ చెడింది వేరే మూడు చోట్ల. మినహాయింపు ఇచ్చే ఇఖ్తియార్ ఎవరి చేతిలో ఉంది? సర్టిఫికెట్ రాసే కలం ఎవరిది? సుబూత్ చూపించే బరువు ఎవరి నెత్తిన పడింది?

బీదర్‌లో ఒక ఖాళీ కాగజ్

ముల్కీ అనే మాట కంటే గొడవ పాతది. బహమనీ సుల్తానుల జమానాలో దర్బారులో రెండు జట్లుండేవి. తరాలుగా దక్కన్‌లో స్థిరపడ్డవాళ్లు దక్కనీలు. ఇరాన్ నుంచీ మధ్య ఆసియా నుంచీ అరబ్బు దేశాల నుంచీ వచ్చినవాళ్లు ఆఫాకీలు. రెండు జట్ల పెద్దలూ ముస్లింలే. ఒకే ఖిబ్లా వైపు నమాజ్ చదివినవాళ్లే. అయినా జాగీర్ల దగ్గర, ఓహ్దాల దగ్గర ‘మనవాడా, పైవాడా’ అనే లెక్క నడిచింది.

ఇరాన్‌లోని గీలాన్ నుంచి తిజారత్ కోసం వచ్చిన మహమూద్ గవాన్ ఈ దర్బారులోనే వజీర్ అయ్యాడు. 1472లో బీదర్‌లో ఆయన కట్టించిన మదర్సా సగం కూలిపోయినా ఈ రోజుకీ నిలబడి ఉంది. నాలుగు తరఫ్‌లుగా ఉన్న రాజ్యాన్ని ఎనిమిదిగా విడగొట్టి తరఫ్‌దార్ల బలం తగ్గించాడు. పదవుల్లో దక్కనీలకూ ఆఫాకీలకూ సమతూకం ఉండాలని చూశాడు. తను పైవాడే అయినా లోపలివాళ్ల వాటా తగ్గకుండా చూడబోయిన మనిషి. ఆయన్ని ఓర్వలేని అమీర్లు ఆయన మొహర్‌ను ఒక ఖాళీ కాగజ్ మీద వేయించుకున్నారు. ఒరిస్సా రాజును దండయాత్రకు పిలుస్తున్నట్టు దాని మీద ఖత్ రాయించారు. సుల్తాన్ మూడో మహమ్మద్ షా విచారణ లేకుండానే కత్ల్‌కి హుకుం ఇచ్చాడు. అది 1481. ఆ తర్వాత బహమనీ సల్తనత్ ఎక్కువ కాలం ఒక్కటిగా నిలవలేదు.

గవాన్ కాలంలో లోపలివాడెవరో, పైవాడెవరో చెప్పే రాతపూర్వక కానూన్ లేదు. అంతా పాదుషా మర్జీ. మొహర్ పడ్డ కాగజ్ నిజమా అబద్ధమా అని అడిగే ఏర్పాటు కూడా లేదు. తర్వాతి వాళ్లు కానూన్ రాశారు. ఆ కాగజ్ బీమారీ మాత్రం కానూన్ వెంటే వచ్చింది.

హిందుస్తానీలు, దక్కనీలు

ఇప్పుడు హైదరాబాద్ రియాసత్‌కు వద్దాం. మొదటి సాలార్‌జంగ్ 1853 నుంచి 1883 వరకు దీవాన్‌గా ఉన్నాడు. ఖాళీ ఖజానా, చెల్లాచెదురైన మాల్‌గుజారీ ఆయన చేతికొచ్చాయి. జిల్లాలు ఏర్పరచి, అదాలత్‌లు పెట్టి, దఫ్తర్లు దిద్దాడు. ఆ పనికి కొత్త చదువు చదివిన మనుషులు కావాలి. రియాసత్‌లో అట్లాంటి బడులు తక్కువ. అందుకని ఉత్తరాది నుంచి పిలిపించాడు. అలీగఢ్‌తో తాల్లుక్ ఉన్న మొహ్సిన్-ఉల్-ముల్క్, వికార్-ఉల్-ముల్క్, ఇంకా చిరాగ్ అలీ, సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామీ లాంటివాళ్లు అట్లా వచ్చినవాళ్లే. పనిమంతులు. అందులో శక్ లేదు.

కానీ వచ్చిన ప్రతివాడూ తన వెనక ఇంకో నలుగురిని తెచ్చుకుంటాడు. 1880లలో సర్కారీ జుబాన్ ఫార్సీ నుంచి ఉర్దూకు మారింది. ఉర్దూలో పుట్టి పెరిగిన ఉత్తరాది వాళ్లకు అది ఇంకో నిచ్చెన. ఫార్సీ దఫ్తర్లలో తరాలుగా ఆరితేరిన స్థానిక కాయస్థులూ ఖత్రీలూ, పాత దక్కనీ ముస్లిం ఖాందాన్‌లూ వెనకబడటం మొదలైంది. హిందుస్తానీలు దక్కనీ ఉర్దూని వెక్కిరిస్తే, దక్కనీలు హిందుస్తానీల అక్కడ్ గురించి మాట్లాడుకున్నారు.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ముల్కీ గొడవను హిందూ ముస్లిం గొడవగానో, తెలంగాణ ఆంధ్ర గొడవగానో మాత్రమే తెలిసినవాళ్లు ఎక్కువ. అది మొదలైనప్పుడు రెండింటిలో ఏదీ కాదు. దక్కనీ ముస్లిం, కాయస్థ హిందువు ఒక వైపు ఉన్నారు. ఉత్తరాది ముస్లిం ఇంకో వైపు ఉన్నాడు.

1888లో సర్కార్ మొదటిసారి ముల్కీకి లెక్క కట్టింది. రియాసత్‌లో పదిహేనేళ్లు స్థిరంగా నివసించినవాడు ముల్కీ. లేదంటే సర్కారులో పన్నెండేళ్లు వరసగా నౌకరీ చేసినవాడు ముల్కీ. వాళ్ల మగ సంతానం రెండు తరాల వరకు ముల్కీ. పైవాళ్లను అడ్డుకోవడానికి రాసినట్టు కనిపించే ఈ కానూన్‌లో రెండో దర్వాజా ఎవరి కోసం తెరిచారో చూడండి. అప్పటికే నౌకరీలో కుదురుకున్న పైవాడు పన్నెండేళ్లు ఓపిక పడితే తనూ తన పిల్లలూ లోపలివాళ్లే. కానూన్ రాసే దఫ్తర్‌లో కూర్చున్నది ఎవరో గుర్తుంటే ఇది తాజ్జుబ్ అనిపించదు.

రంజాన్ 25 నాటి ఫర్మానా

తర్వాత వచ్చింది అసలు ముల్కీ కానూన్. మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1337 హిజ్రీ, రంజాన్ 25న, అంటే 1919లో, ఇచ్చిన ఫర్మానా అది. ముల్కీ కాని మనిషిని పెద్ద కొలువులోనైనా చిన్న కొలువులోనైనా నిజాం ప్రత్యేక మంజూరీ లేకుండా పెట్టుకోవద్దని సివిల్ సర్వీస్ నిబంధనల్లో రాశారు. ముల్కీ ఎవరో ఒక అనుబంధంలో చెప్పారు. అందులో నాలుగు దర్వాజాలున్నాయి.

ఒకటి, పుట్టుకతో రియాసత్ రిఆయా అయినవాడు. పుట్టుక అంటే పుట్టిన ఊరు కాదు, పుట్టినప్పుడు తండ్రి ముల్కీ అయి ఉండాలి. రెండు, నివాసం వల్ల ముల్కీ అయినవాడు. మూడు, పదిహేనేళ్ల సర్వీసు పూర్తయిన తండ్రి కొలువులో ఉండగా పుట్టినవాడు. నాలుగు, ముల్కీ భార్య.

నాలుగో దర్వాజా చూడండి. ముల్కీ మగవాడి భార్య ముల్కీ. ముల్కీ ఔరత్ భర్త మాటేమిటి? ఈ నాలుగింటిలో అతనికి చోటు లేదు. ఆమె బిడ్డ కూడా తండ్రిని బట్టే. మట్టితో రిష్తా మగవాడి గుండా మాత్రమే పారుతుందని లెక్క. ఆ కాలపు ప్రపంచమంతా ఇట్లాగే రాసుకుంది కాబట్టి ఒక్క హైదరాబాద్‌నే తప్పు పట్టలేం. అయినా లోపం లోపమే.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది రెండో దర్వాజా. నివాసం వల్ల ముల్కీ కావాలంటే పదిహేనేళ్లు ఉంటే చాలదు. పాత ఊరికి తిరిగి వెళ్లే ఖయాల్ వదులుకోవాలి. వదులుకున్నట్టు ఒక నిర్ణీత నమూనాలో హలఫ్‌నామా రాసి, దాని మీద మేజిస్ట్రేట్ తస్దీక్ తీసుకోవాలి. అంటే సర్కార్ మనిషి నియ్యత్‌ని కూడా కొలుస్తానంది.

నియ్యత్ మనకు కొత్త మాట కాదు. సఫర్‌లో ఉన్న ముస్లిం నాలుగు రకాతుల ఫర్జ్ నమాజ్‌ని రెండుగా చదువుతాడు. హనఫీ ఫిఖ్‌లో, వెళ్లిన ఊరిలో పదిహేను రోజులు ఉండాలని నియ్యత్ చేసుకుంటే ముసాఫిర్ కాస్తా ముఖీమ్ అవుతాడు, నమాజ్ పూర్తిగా చదవాలి. అక్కడ పదిహేను రోజులు, ఇక్కడ పదిహేనేళ్లు. ఒకదాన్ని చూసి ఇంకొకటి రాశారని నేను అనటం లేదు. రెండు పద్ధతుల్లోని ఫర్క్ మాత్రం చూడండి. నమాజ్ విషయంలో నియ్యత్ మనిషికీ అల్లాకీ మధ్య సంగతి. ఎవరూ కాగజ్ అడగరు. పైగా ఫుఖహా ‘వతనె అస్లీ’, ‘వతనె ఇఖామత్’ అని రెండు రకాల వతన్‌లు చెప్పారు. ఒకటి సొంతూరు, ఇంకొకటి కొన్నాళ్లు ఉన్న ఊరు. రెండు ఊళ్లలో ఇల్లూ సంసారమూ ఉన్న మనిషికి రెండూ వతనే అని కూడా అన్నారు. ముల్కీ కానూన్ మాత్రం ఒకటి ఎంచుకొని ఇంకొకటి వదిలెయ్ అంది.

బతుకు అట్లా ఉండదు. గల్ఫ్‌లో ఇరవై ఏళ్లు కష్టం చేస్తున్న కరీంనగర్ మనిషికి తెలుసు, బొంబాయి మిల్లుల్లో జిందగీ గడిపిన పాలమూరు మనిషికీ తెలుసు. ఇల్లు ఒకచోట, రోటీ ఒకచోట. మనసులో ఉన్న ఖయాల్‌ని మేజిస్ట్రేట్ తస్దీక్ చేయలేడు. అందుకే ఆ హలఫ్‌నామా నియ్యత్‌కి గవాహీ కాలేకపోయింది. ఒక రుసుమ్‌గా మిగిలింది. దఫ్తర్ తోవ తెలిసినవాడు రాయించుకున్నాడు, తెలియనివాడు మిగిలిపోయాడు.

పై నుంచి ఒక సందు, కింద ఇంకో గోడ

1919 కానూన్‌లో ‘నిజాం ప్రత్యేక మంజూరీ లేకుండా’ అన్న ముక్క ఉంది కదా, పైవాళ్లు వచ్చింది అందులోంచే. ఒక రాజ్యానికి బయటి హునర్ అవసరం ఉండదని నేను అనను. ఉస్మానియా యూనివర్సిటీనే చూడండి. 1918లో స్థాపించిన ఆ జామియా ఉర్దూలో పై చదువులు చెప్పి ముల్కీ గ్రాడ్యుయేట్లను తయారు చేసింది. దాని వెనక నిలబడిన అక్బర్ హైదరీ బొంబాయి నుంచి వచ్చిన మనిషి. అక్కడి తర్జుమా దఫ్తర్‌లో పనిచేసిన మౌల్వీ అబ్దుల్ హఖ్‌ది ఉత్తరాది. ముల్కీలను తయారు చేసిన కార్ఖానాని నడిపినవాళ్లలో గైర్ ముల్కీలు చాలామంది. కాబట్టి మినహాయింపు అనేదే జుల్మ్ కాదు. ఎవరికి ఇచ్చారు, ఎందుకిచ్చారు, ఆ పనికి ముల్కీ దొరకలేదని ఎట్లా తేలింది అనేవి అవామ్‌కి తెలియకపోవడం జుల్మ్. 1930ల నడుమ చదువుకున్న ముల్కీలు నిజాం రిఆయా పేరుతో జమాత్ కట్టి ‘హైదరాబాద్ హైదరాబాదీలకే’ అన్నది ఈ కోపంతోనే. ఆ జమాత్‌లో హిందువులూ ముస్లింలూ ఇద్దరూ ఉన్నారు.

ఇక కింది గోడ. ఇది ఉర్దూ చదువుకున్నవాడిగా నేను దాటేసి పోకూడని సంగతి. ఫర్మానా లెక్కన నల్గొండ రైతు బిడ్డ మొదటి దర్వాజా గుండా వచ్చిన పక్కా ముల్కీ. అతనికి హలఫ్‌నామా అక్కర్లేదు. కానీ నౌకరీకి ఉర్దూ కావాలి. రియాసత్‌లో ఎక్కువమంది జుబాన్ తెలుగు, మరాఠీ, కన్నడం. వాళ్లు కాగజ్ మీద ముల్కీలు, దఫ్తర్ దర్వాజా దగ్గర అజ్నబీలు. 1921లో హైదరాబాద్‌లో జరిగిన ఒక సభలో తెలుగులో మాట్లాడబోయిన వక్తను ఎగతాళి చేశారు. ఆంధ్ర జన సంఘం ఆ చేదులోంచే పుట్టింది. అర్హత కానూన్ ఎంత ఇన్సాఫ్‌గా రాసుకున్నా, దాని పక్కనే జుబాన్‌తో ఇంకో గోడ కడితే మొదటి కానూన్ మజాక్ అవుతుంది.

1948, ఆ గోడ జాగా మారింది

1948 సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్ అయింది. అప్పుడు ‘ఎవరు ఇక్కడివాళ్లు’ అనే సవాల్ నౌకరీని దాటి జిందగీ మీదికి వచ్చింది. యెమెన్ వైపు హద్రమౌత్ నుంచి వచ్చి నిజాం ఫౌజ్‌లో తరాలుగా కొలువు చేసిన అరబ్బులు హైదరాబాద్‌లో ఉన్నారు. బార్కస్ బస్తీ వాళ్లదే. వాళ్లలో చాలామంది అమ్మలు ఇక్కడి ఔరత్‌లు, పిల్లలు ఇక్కడే పుట్టినవాళ్లు. కొత్త సర్కార్ అరబ్బులను పరదేశీలుగా లెక్క కట్టి ఎంతోమందిని నిర్బంధించింది, కొందరిని ఓడలెక్కించి పంపింది. ఏ అరబ్బు పరదేశీ, ఏ అరబ్బు హైదరాబాదీ అని తేల్చడానికి కొలబద్ద కావాల్సి వచ్చింది. తండ్రి వంశం చూడాలా, పుట్టిన జాగా చూడాలా, ఉన్న ఏళ్లు చూడాలా? అప్పటిదాకా మన రియాసత్‌లో ఈ సవాల్ తప్పు జవాబుకి ఒక నౌకరీ పోయేది. ఇప్పుడు ఇల్లే పోతుంది. అర్హత కానూన్ గురించి మాట్లాడేటప్పుడు మనం మరిచిపోకూడనిది ఇదే. పోగొట్టుకునేది ఎంత పెద్దదైతే, సుబూత్ అడిగే సర్కార్ అంత జాగ్రత్తగా ఉండాలి.

అదే సమయంలో ఉర్దూ గోడ కూలి ఇంగ్లీషు గోడ లేచింది. ఉస్మానియాలో బోధన ఇంగ్లీషుకు మారింది. నిన్నటిదాకా ఉర్దూతో నౌకరీ చేసిన ముల్కీ ముస్లిం ఈ రోజు చదువురానివాడితో సమానం. ఇంగ్లీషూ తెలుగూ వచ్చిన మనుషులు మద్రాస్ రాష్ట్రం వైపు నుంచి వచ్చారు. ముల్కీ కానూన్ అమల్లోనే ఉంది. మరి వాళ్లు నౌకరీల్లోకి ఎట్లా వచ్చారు? కొందరు మినహాయింపు మీద వచ్చారు. ఇంకొందరు ముల్కీ సర్టిఫికెట్ మీద వచ్చారు. నిన్న మొన్న వచ్చిన మనిషి చేతిలో పదిహేనేళ్ల నివాసం సర్టిఫికెట్!

1952లో వరంగల్‌లో విద్యార్థులు లేచింది ఈ దొంగ సర్టిఫికెట్ల మీదే. టీచర్ల నియామకాలతో మొదలైన అలజడి హైదరాబాద్ చేరింది. ‘గైర్ ముల్కీ గో బ్యాక్’, ‘ఇడ్లీ సాంబార్ గో బ్యాక్’ అన్న నినాదాలు గల్లీల్లో మోగాయి. సెప్టెంబర్ 3న సిటీ కాలేజీ దగ్గర పోలీసులు కాల్పులు జరిపారు. జానాలు పోయాయి. మరుసటి రోజూ గోలీలు పేలాయి. బూర్గుల రామకృష్ణారావు సర్కార్ జస్టిస్ పింగళి జగన్మోహన్ రెడ్డితో తహ్‌ఖీకాత్ చేయించింది.

ఆ నినాదాల్లో మనిషి తిండిని వెక్కిరించే మాట ఉంది. అది నాకు నచ్చదు. కానీ ఆ పిల్లల కోపానికి అస్లీ వజహ్ తిండి కాదు. కానూన్ ప్రకారం తమకు రావాల్సింది, కానూన్ పేరుతోనే ఇంకొకరికి పోయింది. గవాన్ మొహర్ పడ్డ ఆ ఖాళీ కాగజ్ మళ్లీ వచ్చింది. ఈసారి దాని మీద రాసింది పదిహేనేళ్ల నివాసం.

నివాసం నుంచి బడికి

1956 ఫిబ్రవరి 20న పెద్దమనుషుల ఒప్పందంలో తెలంగాణ నౌకరీలకు పన్నెండేళ్ల నివాసం లాంటి నియమం ఉండాలని రాసుకున్నారు. రాజ్యాంగం 16వ అధికరణం ప్రకారం నివాసం షరతు పెట్టే హక్ పార్లమెంటుది. పార్లమెంటు 1957లో చట్టం చేసింది. 1969 మార్చిలో జస్టిస్ హిదాయతుల్లా నాయకత్వంలోని సుప్రీంకోర్టు ధర్మాసనం అందులోని తెలంగాణ షరతును కొట్టేసింది. రాష్ట్రం మొత్తానికి నివాసం అడగొచ్చు కానీ రాష్ట్రంలో ఒక భాగానికి అడగరాదు అంది. తెలంగాణ అప్పటికే మండుతోంది. 1972 అక్టోబర్ 3న అదే కోర్టు ఇంకో కేసులో, రాజ్యాంగానికి ముందు నుంచి ఉన్న ముల్కీ కానూన్ చెల్లుతుందని చెప్పింది. ఈసారి ఆంధ్ర ప్రాంతం మండింది, జై ఆంధ్ర వచ్చింది. 1919 నాటి ఒక ఫర్మానా, నిజాం పోయిన తర్వాత కూడా రెండు ప్రాంతాల నౌజవాన్‌లను రోడ్ల మీదికి తెచ్చింది.

1973 సెప్టెంబర్ 21న ఆరు సూత్రాల పథకం, దాని వెనకే 371-డి అధికరణం, 1975 అక్టోబర్‌లో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చాయి. ముల్కీ అనే మాట కానూన్ కితాబుల్లోంచి పోయింది. ‘స్థానిక అభ్యర్థి’ వచ్చాడు. తండ్రి పోయాడు, నియ్యత్ పోయింది. ఆ జాగాలో బడి వచ్చింది. అర్హత పరీక్ష రాసిన ఏడాదితో ముగిసే నాలుగు విద్యా సంవత్సరాలు వరసగా ఎక్కడ చదివితే అక్కడ లోకల్. ఆ కాలంలో బడికే పోనివాళ్లకు నాలుగేళ్ల నివాసం. ఇది ముల్కీ కానూన్ కంటే ఎన్నో రెట్లు బెహతర్ అని నేను ఒప్పుకుంటాను. మనిషి ఖాందాన్‌ని వదిలేసి అతని సొంత బతుకుని చూసింది. అమ్మాయి తన చదువుతో తనే లోకల్. ఎవరి భార్యగానో కానక్కర్లేదు.

అయినా పాత సందులు మూసుకుపోలేదు. సూత్రానికి ఖిలాఫ్‌గా నాన్ లోకల్ భర్తీలు జరిగాయని 1985 డిసెంబర్ 30న 610 జీవో వచ్చింది. అది అమలు కాలేదని 2001లో గిర్‌గ్లానీ కమిషన్ వేశారు. ప్రత్యేక తెలంగాణ తహ్రీక్‌లో ‘610’ అనేది అంకె కాకుండా ఒక నినాదం అయింది. తెలంగాణ వచ్చాక 2018లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ఒకటి నుంచి ఏడో తరగతి దాకా చదువును చూస్తోంది.

బడిని కొలబద్దగా పెట్టినప్పుడు ఎవరు జారిపోతారో కూడా చూడాలి. అమ్మానాన్నలు వలస పోతే వాళ్ల వెంట పుణెకో బొంబాయికో పోయి అక్కడ రెండేళ్లు, ఇక్కడ మూడేళ్లు చదివిన పిల్లవాడు ఉంటాడు. సర్కార్ గుర్తింపు లేని మదర్సాలో మొదటి తరగతులు చదివి తర్వాత నేరుగా పై తరగతిలో చేరిన పిల్లవాడు ఉంటాడు. ఊరి బడి మూతపడి, రిజిస్టర్లు చెదలు తిన్నాక బోనఫైడ్ కోసం తిరిగే మనిషి ఉంటాడు. వీళ్లు తాత ముత్తాతల కాలం నుంచి ఇక్కడివాళ్లే. కాగజ్ లేదు, అంతే. తల్లిదండ్రులు ఒకేచోట నౌకరీ చేసి, పిల్లల్ని ఒకే కాన్వెంటులో చదివించిన ఇంటికి మాత్రం అన్ని కాగజ్‌లూ ఒక ఫైలులో ఉంటాయి. పేదవాడి బతుకులోని హల్‌చల్‌నే కానూన్ అతని ఖిలాఫ్‌గా లెక్క కడుతోంది.

అడగని సవాల్

నాలుగు దర్వాజాల ఫర్మానాలో ఒక సవాల్ లేదు. నీ మజ్హబ్ ఏమిటని అది అడగలేదు. రాసింది ముస్లిం పాదుషా సర్కార్, కొలువుల్లో ముస్లింలే ఎక్కువ, గైర్ ముల్కీల్లోనూ ముస్లింలు చాలామంది. అయినా పదిహేనేళ్లు లేని ముస్లిం గైర్ ముల్కీయే, పుట్టుకతో రిఆయా అయిన హిందువు ముల్కీయే. ఆచరణలో పక్షపాతం లేదని కాదు. జుబాన్ గోడ గురించి పైనే చెప్పాను. కానీ కానూన్ రాతలో మజ్హబ్ లేదు.

దాన్ని 2019 పౌరసత్వ సవరణ చట్టం పక్కన పెట్టి చూడండి. పాకిస్తాన్, బంగ్లాదేశ్, అఫ్ఘానిస్తాన్ నుంచి 2014 డిసెంబర్ 31 లోపు వచ్చిన హిందూ, సిక్కు, బౌద్ధ, జైన, పార్సీ, క్రైస్తవులకు పౌరసత్వానికి కావాల్సిన నివాసాన్ని పదకొండేళ్ల నుంచి ఐదేళ్లకు తగ్గించారు. జుల్మ్ తప్పించుకొని వచ్చినవాడికి పనాహ్ ఇవ్వడం మంచిదే, అందులో నాకు ఏతరాజ్ లేదు. అడిగేది ఒకటే. జుల్మ్‌ని కొలవాలనుకుంటే జుల్మ్‌నే కొలవాలి. మజ్హబ్‌ని దానికి బదులు పెడితే, పాకిస్తాన్‌లో వేధింపులకు గురయ్యే అహ్మదీ, అఫ్ఘానిస్తాన్‌లో నరమేధం చూసిన హజారా షియా లెక్కలోకి రారు. దేన్ని కాపాడాలని కానూన్ రాస్తున్నామో దాన్నే కొలవాలన్న ఉసూల్ ఇక్కడ తప్పింది.

తారీఖ్ నుంచి తీసుకోవాల్సింది

రేపు ఎవరైనా మళ్లీ ‘ఎవరు మనవాళ్లు’ అని కానూన్ రాయబోతే, ఈ నూట ముప్పై ఏళ్ల తజుర్బా నుంచి నేను నాలుగు మాటలు ముందు పెడతాను.

మొదటిది, మఖ్సద్ ముందు రాయాలి. స్థానిక పిల్లవాడికి నౌకరీ అందాలన్నది మఖ్సద్ అయితే, ఇక్కడ పెరిగాడా లేదా అన్నదే చూడాలి. తండ్రినీ, మజ్హబ్‌నీ, మనసులోని ఖయాల్‌నీ చూడకూడదు.

రెండోది, సుబూత్‌కి ఒకటే దర్వాజా ఉండకూడదు. బడి కాగజ్ లేనివాడికి రేషన్ కార్డు, ఓటరు జాబితా, ఆస్పత్రి పుట్టుక చిట్టీ, చుట్టుపక్కలవాళ్ల గవాహీ చెల్లాలి. సర్కార్ బడి రిజిస్టర్ చెదలు తింటే ఆ నష్టం సర్కార్‌దే కావాలి, పిల్లవాడిది కాకూడదు.

మూడోది, మినహాయింపు ఉండొచ్చు, పర్దా వెనక ఉండకూడదు. ఎవరికిచ్చారో, ఎందుకిచ్చారో ప్రతి ఏడాది అవామ్ ముందు పెట్టాలి. దొంగ సర్టిఫికెట్ దొరికితే తీసుకున్నవాడితో పాటు సంతకం పెట్టినవాడికీ సజా ఉండాలి. 1952లో వీధిలోకి వచ్చిన పిల్లలు అడిగిందాంట్లో న్యాయమైన భాగం ఇదే.

నాలుగోది, ఒకసారి లోపలివాడని సర్కార్ ఒప్పుకున్న మనిషిని, కొలబద్ద మారిందని మళ్లీ మళ్లీ సుబూత్ అడగొద్దు. అడిగితే జవాబిచ్చే మోకా, అపీల్ చేసే జాగా, తీర్పు వచ్చేదాకా ఉన్నచోట ఉండే హక్ ఇవ్వాలి. బార్కస్ ఇళ్లలో పెద్దవాళ్లు చెప్పుకునే కహానీలు వింటే ఈ నాలుగో మాట ఎందుకో అర్థమవుతుంది.

చివరిగా ఒక గుజారిష్. మన ఇళ్లలో చాలావాటిలో తాతల కాలపు ట్రంకు పెట్టె ఒకటి ఉంటుంది. అందులో జమీన్ దస్తావేజుల మధ్య, నికాహ్‌నామా పక్కన, పాత ముల్కీ సర్టిఫికెట్ దొరకొచ్చు. ఉర్దూలో ఉందని, చదవడం రాదని పారేయకండి. ఏ ఓహ్దేదార్ సంతకం పెట్టాడు, గవాహీ ఎవరు చెప్పారు, నివాసం ఎన్నేళ్లని రాశారు, ఎందుకు అవసరమైందో మీ పెద్దవాళ్లని అడిగి రాసి పెట్టండి. చదవలేకపోతే ఫోటో తీసి పంపండి, నేను చదివి చెబుతాను. ఫర్మానాలు, తీర్పులు కితాబుల్లో దొరుకుతాయి. ఆ సర్టిఫికెట్ కోసం మీ దాదా ఎన్నిసార్లు కచేరీ చుట్టూ తిరిగాడో మాత్రం మీ ఇంట్లోవాళ్లకే తెలుసు.